నడుమ పలక

ఆవడి వేలంలో తూకానికి అమ్మిన జోంగా అది.
ఇసుక లారీ వెనక తాడు కట్టించుకుని
వానలో పుదుప్పేట చేరింది,
మూతి దించుకుని.

పళ్ళ డాక్టరు ఫిలోమినా గారిది.
ఇంత బండి మీకెందుకమ్మా అని ఏళుమలై అడిగితే
"నోళ్ళలోకి తొంగి చూసీ చూసీ మెడ పట్టేసింది,
తలెత్తి చూడాల్సింది ఒకటి కావాలి" అంది.
వాడు నవ్వాడు. నేను లేతు మీంచి కళ్ళు తిప్పలేదు.

గోకిన కొద్దీ రంగు కింద రంగు.
నీలం. దాని కింద ఎవరో పెళ్ళికి పూయించిన తెలుపు.
అట్టడుగున బురదపచ్చ,
దాని మీద స్టెన్సిలు అంకెలు, సగమే.
తక్కిన సగం ఏ గస్తీలో పారేసుకుందో
అది చెప్పలేదు, మేం అడగలేదు.

పాత ఇంజను పెట్రోలుది. ఆరు సిలిండర్లు.
లీటరుకి నాలుగు కిలోమీటర్లు, అదీ వాలులో.
తాగుడు అలవాటున్న మేనమామ లాంటిది,
మర్యాదస్తుడే, మోయలేం.
గొలుసు కప్పీతో పైకి లేపితే
కడుపులో మిగిలిన నూనె
గచ్చు మీద బొట్లు బొట్లుగా రాలింది.
రంపపు పొట్టు చల్లాం.

కొత్త గుండె కొత్తదేం కాదు.
కాసిమేడు చేపల వ్యానుది, నాలుగు సిలిండర్ల డీజిలు.
వ్యానుని ఉప్పుగాలి తినేసింది,
దీన్ని మాత్రం నమలలేకపోయింది.
కిరసనాయిలుతో మూడుసార్లు కడిగినా
వేడెక్కితే ఇప్పటికీ వంజరం వాసనే.

చిక్కంతా నడుమ.
గేరుపెట్టె పటాలానిది, ఇంజను రేవుది,
ఒకరి బోల్టు రంధ్రాలు ఇంకొకరికి తెలియవు.
సంపు వచ్చి ముందు ఇరుసు మీద కూర్చుంది.
ఏళుమలై దాన్ని కోసి, వెనక్కి జరిపి అతికించాడు.
బరువుకి కమానులో ఒక పట్టీ ఎక్కువ వేశాడు.
తర్వాత నా వైపు చూశాడు.

పద్దెనిమిది మిల్లీమీటర్ల ఉక్కు పలక.
అటు పదకొండు రంధ్రాలు, ఇటు ఎనిమిది.
కొట్లో మాట తమిళం, కొలత ఇంగ్లీషు,
మా నాన్న తిట్టింది ఉర్దూలో,
రంధ్రాలు లెక్కపెట్టేటప్పుడు మాత్రం
ఒకటి, రెండు, మూడు అనే వస్తుంది నోటికి.
వెంట్రుకవాసి తేడా వస్తే క్లచ్చు ఏడుస్తుంది,
రెండు వెంట్రుకలైతే షాఫ్టు విరుగుతుంది.

మొదటి పలక పాడు చేశాను.
నాదే తప్పు, ఒప్పుకున్నాను, ఇనుము ఖర్చు పెట్టుకున్నాను.
రెండోదానికి మూడు రోజులు
డయల్ గేజి సూది నా కనుపాపలోనే వణికింది.

ఒక సాయంత్రం డాక్టరమ్మ గేరుపెట్టె మూత తీయించి
టార్చి వేసి చూసింది.
"రెండో చక్రంలో ఒక పన్ను విరిగింది. చక్రమే పీకెయ్యాలి."
టీ తాగి వెళ్ళిపోయింది.

ఇంజెక్టరు నట్లు వదులు చేసి చేతిపంపు కొట్టాం.
నురగ, నురగ,
ఆ తర్వాత నురగలేని డీజిలు.
తాళం తిప్పింది ఆవిడే.
మొదట ఒక దగ్గు.
మళ్ళీ తిప్పితే నల్లపొగ,
ఎదురు టైర్ల కొట్టు అబూబకర్ శాపనార్థాలు.
ఈసారి అందుకుంది,
ఇత్తడి బిందెలో గోలీలు పోసి ఊపినట్టు
వీధి వీధంతా.

నేను స్క్రూడ్రైవరు మొన పలక అంచుకి ఆనించి
పిడికి చెవి పెట్టాను.
ఇటు ఇంజను మాట్లాడుతోంది, అటు గేరుపెట్టె.
నా పలక ఉన్నచోట
ఏమీ వినపడలేదు.

ఆర్సీ పుస్తకంలో పెట్రోలు కొట్టేసి
డీజిల్ అని రాయడానికి ఏడు నెలలు పట్టింది.
మాకు పట్టింది నాలుగు.

పలక నడిమధ్య కోసేసిన గుండ్రటి బిళ్ళ
కొట్లోనే ఉండిపోయింది, నీళ్ళ బానకి మూతై.
ఆదివారాలు ఆ బండి కూవం వంతెన ఎక్కుతుంటే
చెవికంటే ముందు ఆ బిళ్ళకే తెలుస్తుంది,
బాన అంచు మీద సన్నగా అదురుతుంది.
గ్లాసు ముంచబోయేవాణ్ణి
అది ఆగేదాకా ఆగుతాను.